పగడాల దీవిని చూసి వద్దామా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన ఆడవాళ్లకు పగడం కొత్తదేమీ కాదు. మంగళసూత్రం దగ్గర నల్లపూసల మధ్య ముత్యం, పగడం గుచ్చుకుంటాం. జాతకంలో కుజుడు బాగాలేడంటే ఉంగరంలో పగడం పెట్టించుకోమంటారు సిద్ధాంతిగారు. ఇంతగా ఒంటిమీద పెట్టుకు తిరిగే ఈ పగడం అసలు రాయా, చెట్టా, ప్రాణా అని నలుగురిని అడిగి చూడండి. రాయేనని కొందరు, సముద్రంలో మొలిచే చెట్టని కొందరు అంటారు. మూడో మాట ఎవరికీ తట్టదు. నిజానికి మూడోదే సరైనది. పగడం ఒక ప్రాణి. మన నగలోకి వచ్చేది ఆ ప్రాణి కట్టుకున్న ఎముకలగూడు.

ఇవాళ మీకు పగడపు దిబ్బల మధ్య ఉన్న ఒక చిన్న దీవిని గురించి చెబుదామనుకుంటున్నాను. మన దేశంలోనే, అండమాన్‌లో ఉన్నది. పేరు జాలీ బాయ్. బాయ్ అంటే పిల్లవాడు కాదు సుమా! ఓడలకు దారి గుర్తుగా నీళ్లమీద తేలేసే బుంగను ఇంగ్లీషులో అలా అంటారు. మన గోదావరిఖని, బసంత్‌నగర్ వైపు నుంచి ఎల్.టి.సి. మీద అండమాన్ చూసివచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లను కదిలిస్తే సెల్యులార్ జైలు గురించి చెబుతారు, నీలంగా మెరిసే సముద్రం గురించి చెబుతారు. జాలీ బాయ్ సంగతి అడిగితే మాత్రం, "అబ్బో, అక్కడ అన్నీ ఆంక్షలేనమ్మా! మంచినీళ్ల సీసా కూడా తీసుకుపోనియ్యరు" అంటారు. ఆంక్ష వెనక ఉన్న కారణం తెలియకపోతే ఎవరికైనా విసుగే. తెలిసి వెళితే, అక్కడ గడిపే రెండు మూడు గంటలూ వేరుగా ఉంటాయి. అందుకని ముందు పగడం సంగతి, తర్వాత ప్రయాణం సంగతి చెబుతాను.

నగల్లోకి వచ్చే ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు అంతగా చేరని లోతుల్లో పెరుగుతుంది. అండమాన్ తీరంలో దిబ్బలు కట్టేవి దానికి దూరపు చుట్టాలు. వీటిలో ఒక్కొక్క ప్రాణి చాలావరకు మినపగింజంతో, బఠాణీగింజంతో ఉంటుంది. మెత్తని సంచిలాంటి ఒళ్లు, పైన ఒక నోరు, నోటి చుట్టూ సన్నని వేళ్లు. అంతే. కళ్లు లేవు, కాళ్లు లేవు. పుట్టిన కొత్తలో నాలుగు రోజులు నీళ్లలో ఈదులాడుతుంది గాని, ఒకచోట అతుక్కున్నదంటే ఇక అక్కడినుంచి కదలదు. సముద్రపు నీళ్లలో కరిగివున్న సున్నాన్ని పీల్చుకొని, తన కింద గట్టిగా ఒక గిన్నెలాగా కట్టుకుంటుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మన పాత వాడకట్టుల్లో గోడకు గోడ ఆనించి ఇళ్లు కట్టుకున్నట్టు అన్నీ ఒకదాన్నొకటి ఆనుకొని కట్టుకుంటాయి. పాతవి పోతే ఆ ఇళ్లమీదనే కొత్తవి లేస్తాయి. గుండ్రంగా బండలా పెరిగే జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. కొమ్మల్లా పెరిగేవి ఇంకొంచెం తొందరగా పెరుగుతాయి, తొందరగా విరుగుతాయి కూడా. కాబట్టి మనిషెత్తు పగడపు బండ కనిపించిందంటే అది మన ముత్తాతల కాలం నుంచి పెరుగుతున్నదన్నమాట.

బసంత్‌నగర్‌లో కాపురముండేవాళ్లకు సున్నపురాయిని పరిచయం చెయ్యనక్కరలేదు. 1969లో ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చిందే ఆ రాయిని చూసి. పగడం కట్టే గూడు, మన గనిలోని రాయి, తాంబూలపు సున్నం కోసం కాల్చే ఆల్చిప్ప, వీటన్నిటిలో ముఖ్యమైన పదార్థం ఒకటే. మన రాయి మరీ పాతది. ఈ పగడాల జాతులు భూమ్మీద పుట్టకముందు నాటిది. కనుక పుట్టుక వేరు, సరుకు ఒకటి. మనం ఆ రాయిని మందుపెట్టి పేల్చి, పొడిచేసి, కొలిమిలో ఎర్రగా కాల్చి సిమెంటు చేసుకుంటాం. మినపగింజంత ప్రాణి నిప్పు లేకుండా, చప్పుడు లేకుండా అదే సరుకుతో దీవులకు దీవులే కడుతుంది.

మరి దానికి తిండి ఎట్లా? రాత్రివేళ ఆ సన్నని వేళ్లు చాపి, నీళ్లలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను పట్టుకు తింటుంది. అది చాలదు. అందుకని దాని ఒంట్లోనే కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండను పట్టి, చెట్టు ఆకు చేసినట్టే తీపి పదార్థం తయారుచేసి, అందులో పెద్ద భాగం పగడానికి పెడుతుంది. పగడం దానికి చోటిస్తుంది. అద్దెకున్నవాళ్లే ఇంటివాళ్లకు వండిపెట్టడం చూశారా ఎక్కడైనా? ఇక్కడ అదే జరుగుతుంది. మనం మెచ్చుకునే గోధుమరంగు, పచ్చరంగు చాలావరకు ఆ నాచువే. ఈ అద్దెకాపురం సంగతి మరిచిపోకండి, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

నాచుకు ఎండ కావాలంటే నీళ్లు తేటగా ఉండాలి. వర్షాకాలంలో మన గోదావరి ఎట్లా ఉంటుందో రామగుండం వాళ్లకు తెలుసు. ఎర్రగా, చిక్కగా, చెయ్యి ముంచితే చెయ్యి కనపడదు. ఆ ఒండ్రంతా పోయి బంగాళాఖాతంలో పడుతుంది. కృష్ణ తెచ్చేదీ అంతే, మహానది తెచ్చేదీ అంతే. అందుకే మనవాళ్లకు అంత పొడుగు కోస్తా ఉండి కూడా అండమాన్‌లోలాంటి పగడపు దిబ్బలు లేవు. అండమాన్‌లో అంతటి నదులు లేవు. ఉన్న చిన్న చిన్న వాగుల బురదను ఒడ్డున ఉన్న మడ అడవులు జల్లెడలాగా పట్టి ఆపుతాయి. కాకినాడ దగ్గర కోరింగ చూసినవాళ్లకు మడచెట్లు తెలిసే ఉంటాయి, వేళ్లన్నీ పైకి లేచి నీళ్లలో కాళ్లమీద నిలబడ్డట్టు ఉంటాయి. దీవిమీద అడవి, ఒడ్డున మడ, నీళ్లలో పగడం. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడినవే. పైన అడవి నరికితే బురద దిగి కింద పగడం చస్తుంది.

ఇక ప్రయాణం. అండమాన్ ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అక్కడినుంచి 30 కిలోమీటర్ల దూరంలో, నైరుతి మూలకు, వండూరు అనే పల్లె ఉన్నది. పేరు వింటే మన పల్లెటూరే అనిపిస్తుంది గాని, ఆ పేరు మలబారుది. 1921లో అక్కడ జరిగిన మాప్పిళ్ల తిరుగుబాటు తర్వాత అండమాన్‌కు పంపిన మలబారువాళ్లు, మళ్లీ చూస్తామో లేదో తెలియని తమ ఊళ్ల పేర్లను కొత్త పల్లెలకు పెట్టుకున్నారు. ఆ వండూరు ఎదుట సముద్రంలో 15 దీవులను, వాటి చుట్టూ ఉన్న నీళ్లను కలిపి 1983లో జాతీయ పార్కుగా ప్రకటించారు. దాని పేరు మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు. విస్తీర్ణం 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో నేల తక్కువ, నీళ్లే ఎక్కువ. పార్కు అనగానే పూలమొక్కలు, ఉయ్యాలలు ఊహించుకోకండి. ఇక్కడ తోట నీళ్ల అడుగున ఉంటుంది.

పదిహేను దీవులున్నా యాత్రికులను పోనిచ్చేది రెండింటికే, అదీ ఒక్కోసారి ఒక్కదానికి. నవంబరు నుంచి మే వరకు జాలీ బాయ్, వర్షాకాలంలో రెడ్ స్కిన్. ఒకటి తెరిచి ఉన్నప్పుడు రెండోదానికి విశ్రాంతి. మన రైతులు ఒక మడి పండించి ఇంకొకటి పడావు పెట్టినట్టే.

పొద్దున్నే వండూరు రేవులో బోటు ఎక్కాలి. ఎక్కేముందే మన సంచులు చూస్తారు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు, చిప్సు పొట్లాలు ఏవీ దాటనియ్యరు. నీళ్లకు వాళ్లే పాత్ర ఇస్తారు, డిపాజిట్ కట్టి తీసుకొని, తిరిగివచ్చి ఇచ్చెయ్యాలి. మా బోటులో ఒకావిడ పిల్లవాడి బిస్కట్ పొట్లం తీయించినందుకు చాలా కష్టపెట్టుకున్నది. "ఒక్క పొట్లంతో సముద్రం చెడిపోతుందా?" అన్నది. న్యాయమైన ప్రశ్నే. దానికి లెక్క ఉన్నది. ఆసియా, పసిఫిక్ తీరాల్లో 159 పగడపు దిబ్బలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక సంగతి బయటపెట్టారు. ప్లాస్టిక్ తగలని చోట పగడానికి రోగం వచ్చే అవకాశం నూటికి 4 పాళ్లైతే, ప్లాస్టిక్ చిక్కుకున్న చోట 89 పాళ్లట! కవరు కప్పుకుంటే కింద నాచుకు ఎండ అందదు, ఒరిపిడికి పగడం ఒళ్లు చీరుకుపోతుంది, ఆ గాయంలో చీడ చేరుతుంది. ఒక్క పొట్లమైనా అది పడ్డచోట పడ్డదానికి అదే ఎక్కువ.

బోటు సుమారు గంటసేపు పోతుంది. మొదట మడ అడవుల మధ్య సన్నని పాయల్లో నుంచి, తర్వాత విశాలమైన సముద్రంలోకి. ఆ ఒడ్డుల వెంట చచ్చి మోడులైన పెద్ద పెద్ద చెట్లు నీళ్లలో నిలబడి కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చినప్పుడు దక్షిణ అండమాన్‌లో నేల సుమారు మీటరు దాకా దిగిపోయింది. సముద్రం పొలాల్లోకి వచ్చి ఉండిపోయింది. సిప్పీఘాట్ దగ్గర వరి పండిన నేలమీద ఉప్పునీళ్లు నిలిచాయి. ఉత్తరాన దానికి విరుద్ధంగా నేల పైకి లేచి, నీళ్లలో ఉండవలసిన పగడపు దిబ్బలు ఎండకు బయటపడి చచ్చిపోయాయి. ఇక్కడ మునక, అక్కడ తేలడం. భూమి ఒక్క కుదుపు కుదిపితే వందల ఏళ్ల కట్టడం అట్లా పోయింది.

పోర్ట్ బ్లెయిర్‌లో మీరు తెలుగు మాట్లాడుతూ నడవండి, పది అడుగుల్లో ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూస్తారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే, నూటికి 13 మంది. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలసవచ్చిన బెస్తవారి కుటుంబాలవారు. జంగ్లీఘాట్ చేపలరేవు దగ్గర నిలబడితే భీమిలి దగ్గరెక్కడో ఉన్నట్టు ఉంటుంది. అక్కడ చేపలమ్మే ఒక పెద్దావిడ "ఏటమ్మా, ఎక్కడినుంచొచ్చేరు?" అని పలకరించింది. రామగుండం దగ్గరినుంచంటే ఆవిడకు తెలియలేదు, బొగ్గు గనులంటే తెలిసింది. జాలీ బాయ్ పోతున్నామంటే నవ్వి, "చూసొస్తారు, మంచిదే. మావోళ్లు మాత్రం ఆ నీళ్లల్లో వలెయ్యకూడదు" అన్నది.

ఆ మాటలో బాధ లేకపోలేదు. పార్కు హద్దుల్లో చేపలు పట్టడం నిషేధం. తరతరాలుగా సముద్రం మీద బతికేవాళ్లకు ఈ గీత ఇక్కడ మొదలు, అక్కడ ఆఖరు అంటే కష్టమే. అయితే పగడపు దిబ్బ చేపలకు పురిటిల్లు వంటిది. చేపపిల్లలు పెద్ద చేపల నోట పడకుండా ఆ సందుల్లో దాక్కొని పెరుగుతాయి. పెరిగినవి హద్దు దాటి బయటికి వస్తాయి. లోపల కాపాడినదే బయట వలలో పడుతుంది. ఇది వాళ్లకు తెలియక కాదు. యాత్రికులను బోట్లలో తీసుకుపోయి చూపించడానికి వీలున్నప్పుడు, వల ఒక్కటే ఎందుకు తప్పయిందని వాళ్ల ప్రశ్న. నాకు కూడా అనిపించింది, మనం వినోదానికి పోతున్నాం, వాళ్లు తిండికి ఆగిపోయారు. కనీసం వాళ్లు ఆగిన చోట మనం జాగ్రత్తగా ఉండాలి గదా!

జాలీ బాయ్‌కి రేవు కట్టలేదు. పెద్ద బోటు దూరంగా ఆగుతుంది. అక్కడినుంచి అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి మారి ఒడ్డుకు పోవాలి. ఒడ్డు దగ్గర మోకాలిలోతు నీళ్లలో దిగవలసి రావచ్చు, కనుక జరీచీరలు పెట్టెలోనే ఉంచండి. సల్వార్ కమీజు సుఖం. చీర కట్టేవాళ్లు నేతచీర కొంచెం పైకి కట్టుకుంటే సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పడవ మారేచోట ఇబ్బంది పడతారు, ముందే ఆలోచించుకోండి. దీవిమీద ఇళ్లు లేవు, హోటళ్లు లేవు, రాత్రి బస లేదు. తెల్లటి ఇసుక, వెనక దట్టమైన అడవి, ముందు నీళ్లు. అంతే.

ఆ తెల్లటి ఇసుక ఎక్కడిదో చెబితే మీరు నవ్వుతారు. చిలుకచేప అని ఒకటున్నది. చిలుక ముక్కులాంటి పళ్లతో పగడపు బండలను కరకర కొరికి, దానిమీది నాచును తిని, లోపలి సున్నాన్ని పిండిచేసి వెనకనుంచి విసర్జిస్తుంది. ఉష్ణదేశపు దీవుల్లో మనం మెచ్చుకుంటూ కూర్చునే తెల్లని ఇసుకలో చాలా భాగం అట్లా వచ్చిందే! దిబ్బమీద పాచి పేరుకోకుండా తుడిచిపెట్టే పనిమనిషి కూడా అదే.

అద్దం పడవలో తల వంచుకు కూర్చుంటే కింద లోకం కదులుతుంది. జింకకొమ్ముల్లాంటి పగడాలు, మెదడులాగా మడతలు పడ్డ బండలు, పళ్లేల్లాగా పరుచుకున్నవి. పెద్ద గవ్వచిప్ప నోరు తెరుచుకొని, నీలం అంచు చీరకొంగులాంటి మాంసాన్ని బయటపెట్టి ఉంటుంది. సముద్రపు పువ్వు అనే ప్రాణి వేళ్ల మధ్య నారింజరంగు జోకరుచేపలు దూరి ఆడుకుంటాయి. ఆ వేళ్లకు విషముంటుంది, ఈ చేపకు మాత్రం అంటదు. ఈ చేపల ఇంట్లో పెత్తనం ఆడదానిది. గుంపులో అన్నింటికంటే పెద్దది ఆడచేప. అది చచ్చిపోతే దాని మగడే ఆడదిగా మారి పెత్తనం తీసుకుంటాడు. మా బోటులోని మగవాళ్లు ఈ మాట నమ్మలేదు, ఆడవాళ్లు వెంటనే నమ్మారు.

పడవ మొదటి చక్కరు పది పదిహేను నిమిషాలు ఉంటుంది, ఎక్కువసేపు కావాలంటే వేరే డబ్బు. నన్నడిగితే ఇంకెక్కడైనా పొదుపు చేసి ఇక్కడ ఖర్చు పెట్టండి. ముఖానికి కళ్లద్దం, నోట్లో గొట్టం పెట్టుకొని నీళ్లలో బోర్లా తేలుతూ చూడడం కూడా ఉన్నది. ఈత రాకపోయినా గాలితొడుగు తొడిగించి, చెయ్యిపట్టుకొని తీసుకుపోతారు. నలభై దాటినవాళ్లకు ఎందుకులే అని ఒడ్డున కూర్చోకండి. కాకపోతే ఒక్కటి, కాలు కింద పెట్టరాదు. అలసట వచ్చి నిలబడదామని కాలు ఆనిస్తే, కిందున్నది నేల అనుకుంటాం, అది ప్రాణుల వాడకట్టు. వేలెడు కొమ్మ విరిగితే ఒక సంవత్సరపు కష్టం పోయినట్టు. మన కాలికీ మంచిది కాదు, పగడపు గాయం తొందరగా మానదు. ఎండకు ఒంటికి పూసుకునే క్రీముల్లో కొన్నిటి మందులు పగడాలకు హాని చేస్తాయి. పొడుగు చేతుల జాకెట్టు, నెత్తిన గుడ్డ ఉంటే ఆ క్రీముతో పనే లేదు.

ఒడ్డున గవ్వ కనిపిస్తే ఏరుకోవాలని చెయ్యి లాగుతుంది. ఏరకండి. కొంచెంసేపు చూస్తే ఆ గవ్వ నడుస్తుంది. సొంత గుల్ల లేని పీతలు ఖాళీ గవ్వలే ఇళ్లుగా చేసుకుంటాయి. పగడపు ముక్క, చచ్చినదైనా సరే, తీసుకురావడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి దిబ్బకట్టే పగడాలకు రక్షణ ఉన్నది. విమానాశ్రయంలో పెట్టెలు చూసి తీయించేస్తారు. షోకేసులో పెట్టుకుందామని తెచ్చిన ముక్కకు కేసు ఎదుర్కోవడమెందుకు?

ఇంతవరకు అందమైన సంగతులు చెప్పాను. అద్దంలోంచి చూస్తే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. చాలాచోట్ల పగడం బూడిదరంగులో, పాచిపట్టి, విరిగిన కట్టెల కుప్పలాగా పడి ఉంటుంది. పడవవాడు ఆ చోట్లలో వేగంగా పోనిచ్చాడు. ఎవరూ తొక్కలేదు, ఎవరూ విరవలేదు. మరి అట్లా ఎందుకయింది?

ఇందాక చెప్పిన అద్దెకాపురం దగ్గరికి వద్దాం. వేసవిలో మామూలుగా ఉండే వేడికంటే సముద్రం ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అట్లాగే ఉన్నదంటే, పగడానికీ నాచుకూ చెడుతుంది. వేడికి నాచు పని తారుమారై హానిచేసే పదార్థాలు విడుదల చేస్తుంది. అప్పుడు పగడం దాన్ని బయటికి గెంటేస్తుంది. రంగు పోతుంది, లోపలి సున్నపు గూడు తెల్లగా బయటపడుతుంది. చూడడానికి అప్పుడే సున్నం కొట్టిన గోడలాగా మెరుస్తూ ఉంటుంది, తెలియనివాళ్లు భలే ఉందనుకుంటారు. అది ఆకలితో ఉన్న పగడం. తొందరగా వేడి తగ్గితే నాచు మళ్లీ చేరి కోలుకుంటుంది, తగ్గకపోతే చస్తుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇట్లా జరిగింది. 2010 వేసవి దెబ్బ మరీ గట్టిది. 2024లో లక్షదీవుల పగడాలు తెల్లబడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, ప్రపంచమంతటా పగడాలు తెల్లబడడం ఇది నాలుగోసారి అని శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

సముద్రం ఎందుకు వేడెక్కుతున్నదో మన బొగ్గుబెల్టులో ఉన్నవాళ్లం దాటెయ్యలేం. బొగ్గు కాల్చినా, పెట్రోలు కాల్చినా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. సున్నపురాయిని సిమెంటు కోసం కాల్చినప్పుడు ఆ రాయిలోంచే ఇంకొంత వస్తుంది. ఆ గాలి భూమికి దుప్పటి కప్పినట్టు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ అదనపు వేడిలో నూటికి 90 పాళ్లు సముద్రమే మింగుతున్నది. ఆ వాయువులో నాలుగోవంతు దాకా నీళ్లలో కలిసి, నీటికి పులుపు తగులుతున్నది. పులుపులో సున్నం కట్టడం పగడానికి ఎంత కష్టమో వంటింటి మనుషులం మనకు వేరే చెప్పాలా, నిమ్మరసం పడ్డ గచ్చు ఏమవుతుందో చూస్తూనే ఉంటాం.

ఆ పార్కు వెలిసిన 1983లోనే మన రామగుండంలో ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ మొదలైంది. ఇప్పుడక్కడి పాత యూనిట్లే 2,600 మెగావాట్లు. మన ఇళ్లలో దీపం దానిది, మన పిల్లల చదువులు సింగరేణి జీతాలవి. బొగ్గు మనకు అన్నం పెట్టింది, దాన్ని తిట్టి ఈ ప్రసంగం ముగించడం నాకు చేతకాదు. పైగా ఈ వేడి ఒక్క రామగుండానిది కాదు, మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, ఎన్నో ఏళ్లు ముందుగా కాల్చిన దేశాలున్నాయి. అయినా పిల్లలు పడవలో వంగి ఆ బూడిదరంగు కుప్పను చూసి "ఎవరు చేశారమ్మా?" అని అడిగితే, మనకు సంబంధం లేదు అని కూడా చెప్పలేం. ఉన్నదున్నట్టు చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. పెద్దయ్యాక సూర్యరశ్మి కరెంటో ఇంకొకటో వాళ్లు తేల్చుకుంటారు.

వేడి సంగతి అందరి చేతుల్లో ఉన్నది గాని, చేతితో చేసే నాశనం ఆపవచ్చు. దానికి తమిళనాడు వైపు ఉదాహరణ ఉన్నది. రామేశ్వరం పోయినవాళ్లకు మన్నారు సింధుశాఖ తెలుసు. అక్కడ 21 చిన్న దీవులతో 1986లో సముద్ర జాతీయ పార్కు పెట్టారు. అంతకుముందు దశాబ్దాలపాటు అక్కడి పగడపు దిబ్బలను గడ్డపారలతో పెళ్లగించి, పడవల్లో ఒడ్డుకు చేర్చి, సున్నానికి, ఫ్యాక్టరీలకు అమ్ముకున్నారు. దిబ్బ అలను విరిచే గోడ. గోడ తీసేస్తే అలలు నేరుగా ఇసుకమీద పడతాయి. ఆ 21 దీవుల్లో రెండు ఇప్పుడు నీళ్లపైన లేవు. కొండలో ఉన్న సున్నపురాయిని తవ్వితే గొయ్యి మిగులుతుంది, సముద్రంలో తవ్వితే దీవే మిగలలేదు.

ఇక వెళ్లదలచినవాళ్లకు నాలుగు మాటలు. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానాలున్నాయి. చెన్నై, కలకత్తా, విశాఖపట్నాల నుంచి ఓడలు కూడా నడుస్తాయి, సుమారు మూడు రోజుల ప్రయాణం. విశాఖ ఓడ ఎప్పుడో గాని ఉండదు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు ఓడ జోలికి పోకపోవడమే నయం. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం తేటగా, శాంతంగా ఉంటుంది. గడియారం మనదే అయినా అక్కడ పొద్దు తొందరగా పొడుస్తుంది, సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది. కనుక తెల్లవారుజామునే లేచి, సద్దిని స్టీలు డబ్బాల్లో కట్టుకోండి. పెరుగన్నం, పులిహోర ఏదైనా సరే, కవరు మాత్రం వద్దు. మిగిలినదీ తొక్కలూ మనమే వెనక్కి తేవాలి. ఇసుకలో కుట్టే చిన్న ఈగలుంటాయి, కాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటే కొంత మేలు. వండూరు ఒడ్డున మొసళ్లున్నాయని బోర్డులు పెట్టి ఉంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు, పిల్లలను చూపించిన చోట తప్ప నీళ్లలోకి వదలకండి. ముందురోజు పోర్ట్ బ్లెయిర్‌లో నౌకాదళం వారి సముద్రిక మ్యూజియం చూస్తే, మర్నాడు నీళ్లలో కనిపించేవాటిని పిల్లలు పేరుపెట్టి గుర్తుపడతారు. ఇంటికి ఏదైనా తెచ్చుకోవాలనుకుంటే గవ్వలు కాక, ప్రభుత్వం వారి సాగరిక దుకాణంలో పడౌక్ కర్రతో, కొబ్బరిచిప్పతో చేసిన వస్తువులుంటాయి, బిల్లు దగ్గర పెట్టుకోండి.

దీవికి పోవడానికి అటవీశాఖ అనుమతి కావాలి, రోజుకు ఇంతమందేనన్న లెక్క ఉంటుంది కనుక ముందే తీసుకోవాలి. సోమవారం పార్కుకు సెలవు. ఆదివారం దిగి మంగళవారం తిరుగు ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు జాలీ బాయ్ దొరకదు, టిక్కెట్లు కొనేటప్పుడే ఆ లెక్క చూసుకోండి.